ఎవరికేద్దామప్పా ఓటు?

కరువు సీమలో ఓటరు మనసు ఒక పట్టాన తేలదు. తేలినా బయటికి చెప్పడు. అనంతపురం ఓటరు ఊగిసలాట వెనక ఉన్న కథేమిటి?

ఒకే జిల్లాలో రెండు నియోజకవర్గాలు. రెండింట్లోనూ అదే కరువు, అదే వేరుశనగ, వాన కోసం అవే ఎదురుచూపులు. ఓటు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకదాని దారి ఒకటి పట్టదు.

మొదటిది శింగనమల. ఇక్కడ గెలిచిన పార్టీయే రాష్ట్రంలో అధికారంలోకి వస్తుందని పేరు. ఇది ఉత్త నమ్మకం కాదు. 1983 నుంచి 2024 దాకా పది అసెంబ్లీ ఎన్నికలు జరిగితే పదిసార్లూ అదే జరిగింది. 2004లో, 2009లో కాంగ్రెస్ తరఫున శైలజానాథ్ గెలిచారు. రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వమే వచ్చింది. 2014లో తెలుగుదేశం నుంచి యామినీబాల, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి జొన్నలగడ్డ పద్మావతి, 2024లో మళ్ళీ తెలుగుదేశం నుంచి బండారు శ్రావణిశ్రీ... ఎవరు గెలిస్తే వాళ్ల పార్టీదే సర్కారు!

రెండోది ఉరవకొండ. శింగనమలకు పూర్తిగా ఎదురు. 1999లో రాష్ట్రమంతా తెలుగుదేశానికి పట్టం కడితే ఉరవకొండ కాంగ్రెస్‌ను గెలిపించింది. 2004లో, 2009లో కాంగ్రెస్ ప్రభుత్వాలు వస్తే ఇక్కడ తెలుగుదేశం అభ్యర్థి పయ్యావుల కేశవ్ నెగ్గారు. 2014లో తెలుగుదేశం గద్దెనెక్కితే కేశవ్ ఓడిపోయి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి విశ్వేశ్వరరెడ్డి గెలిచారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ గాలి వీస్తే కేశవ్ మళ్ళీ గెలిచారు. వరసగా అయిదుసార్లు! ఉరవకొండలో గెలిచినవాళ్లు అసెంబ్లీలో ప్రతిపక్షంలో కూర్చోవాల్సిందే అన్న మాట జిల్లాలో సామెతలా మారిపోయింది. 2024లో గానీ ఆ ముచ్చట తీరలేదు. ఆ ఏడాది కేశవ్, ఆయన పార్టీ రెండూ గెలిచి ఆయన ఆర్థికమంత్రి అయ్యారు.

మూడో రకం కూడా ఉంది. హిందూపురం. 1983 తర్వాత అక్కడ తెలుగుదేశం ఓడిందే లేదు. 1989లో ఎన్టీ రామారావు కల్వకుర్తిలో ఓడిపోయారు గానీ హిందూపురం మాత్రం ఆయన్ని వదులుకోలేదు. అక్కడి ఓటరుకి తర్జనభర్జన తక్కువ. మిగతా జిల్లాకే ఆ బాధంతా!

ఊగితే ఊరంతా...

ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 అసెంబ్లీ స్థానాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయ్యాక అనంతపురానికి 8, శ్రీసత్యసాయి జిల్లాకి 6 వచ్చాయి. ఈ 14 స్థానాల లెక్క ఒకసారి చూడండి. 2014లో తెలుగుదేశానికి 12, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2. అయిదేళ్లు తిరిగేసరికి 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 12, తెలుగుదేశానికి 2. ఇంకో అయిదేళ్లకు 2024లో తెలుగుదేశానికి 13, దాని మిత్రపక్షం బీజేపీకి ధర్మవరం ఒకటి. వైఎస్సార్ కాంగ్రెస్‌కు సున్నా.

పైపైన చూస్తే ఓటర్లంతా ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకేసినట్టు కనిపిస్తుంది. నిజానికి దూకింది కొందరే. ఎటూ తేల్చుకోలేక చివరిదాకా గట్టుమీద కూర్చున్నవాళ్లు ఎటు దిగితే అటు త్రాసు మొగ్గింది. ఉరవకొండనే తీసుకోండి. 2009లో గెలుపోటముల మధ్య తేడా మూడు వందల ఓట్లు కూడా లేదు. 2014లోనూ 2019లోనూ రెండు వేల పైచిలుకే. అన్ని వేలమంది ఓటేసే చోట అదొక పెద్ద ఊరి ఓట్లంత!

మడకశిర కథ ఇంకా ఉత్కంఠ. 2024లో అక్కడ తెలుగుదేశం అభ్యర్థి ఎం.ఎస్.రాజు కేవలం 351 ఓట్లతో గట్టెక్కారు. ఉపాధి కూలీగా పనిచేసిన ఈరలక్కప్పను వైఎస్సార్ కాంగ్రెస్ పోటీకి దించింది. ఇద్దరికీ దాదాపు ఎనభై వేల చొప్పున ఓట్లు పడ్డాయి. గెలిచిన పక్షం నుంచి 176 మంది అటువైపు నొక్కి ఉంటే ఫలితం తారుమారయ్యేది. 176 మంది అంటే ఎంత? రెండు పెళ్లి బస్సుల్లో కాస్త ఇరుక్కుని కూర్చునేంత మంది! ధర్మవరంలోనూ అంతే. బీజేపీ అభ్యర్థి సత్యకుమార్ యాదవ్ గెలిచింది నాలుగు వేల లోపు మెజారిటీతోనే.

ఇంకా కొంచెం దూరం వెళితే ఇంతకన్నా విడ్డూరాలు కనిపిస్తాయి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. మన పక్కనే ఉన్న కర్ణాటకలో 2004లో సంతెమరహళ్లి అసెంబ్లీ స్థానం ఒకే ఒక్క ఓటుతో చేతులు మారింది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి.జోషి ఓడిపోయిందీ ఒక్క ఓటుతోనే. 'నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే' అనుకునేవారికి ఈ మూడూ చెబితే చాలు.

బావకా? బావమరిదికా?

ఇదేదో ఇవాళ పుట్టిన సంకటం కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికల నాడే అనంతపురం ఓటరుకి అసలు సిసలు పరీక్ష ఎదురైంది.

1952. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. అనంతపురం అసెంబ్లీ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇల్లూరులో పుట్టినవాడు, అప్పటికే మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా చేసినవాడు, ఆంధ్ర కాంగ్రెస్‌కు అధ్యక్షుడు. ఆయనకు ఎదురుగా కమ్యూనిస్టు పార్టీ నిలబెట్టింది తరిమెల నాగిరెడ్డిని. ఆయన పరాయివాడేం కాదు. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డికి సొంత అక్కచెల్లెళ్ల వరస. అంటే పోటీ బావా బావమరుదుల మధ్య!

ఒకవైపు దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ, పెద్ద పదవులకు ఎక్కబోతున్న నాయకుడు. మరోవైపు ఆస్తిపాస్తులున్న ఇంట్లో పుట్టి పేదల పక్షాన నిలిచిన కమ్యూనిస్టు. ఇద్దరూ మనవాళ్లే. ఇద్దరూ ఈ మట్టిలో పుట్టినవాళ్లే. ఇద్దరికీ చుట్టాలైన ఇళ్లు ఎన్ని ఉండి ఉంటాయో, ఆ ఇళ్లల్లో ఎంత గుసగుస నడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరికి అనంతపురం నాగిరెడ్డిని గెలిపించింది. ఆ తర్వాత 1957లో ఆయన్ని లోక్‌సభకు కూడా పంపింది.

అలాగని సంజీవరెడ్డిని జిల్లా మరిచిపోలేదు. ఆయన 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1967లో హిందూపురం ఓటర్లు ఆయన్ని లోక్‌సభకు పంపితే అక్కడ స్పీకరయ్యారు. ఓడించిన జిల్లాయే పదిహేనేళ్ల తర్వాత ఎత్తుకుంది.

ఆత్మ చెప్పినట్టు...

ఆ సంజీవరెడ్డి చుట్టూనే దేశం మొత్తం ఒకసారి ఎటూ తేల్చుకోలేక తల్లడిల్లింది. 1969 రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. ఆయన పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ పత్రాలపై సంతకం చేసింది స్వయంగా ప్రధాని ఇందిరాగాంధీ. కానీ పోలింగు నాటికి ఆమె మాట మార్చారు. పార్టీ చెప్పినట్టు కాదు, ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయండి అన్నారు. పార్టీ అభ్యర్థికా, ప్రధాని మనసులో ఉన్న స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరికా? ఎంపీలు, ఎమ్మెల్యేల పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా తయారైంది.

ఆగస్టు 16న పోలింగు, 20న ఫలితం. మొదటి ప్రాధాన్యం ఓట్లలో ఎవరికీ సగానికి పైగా విలువ రాలేదు. మిగతా అభ్యర్థులకు పడ్డ ఓట్లలో రెండో ప్రాధాన్యాలు లెక్కపెట్టాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఓడిపోయిన సంజీవరెడ్డి అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెస్ కానివాళ్లు గెలిచిన ఒకే ఒక్క చోటు అదే. అదే ఏడాది జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ల కిందట 'ఎవరికేద్దాం' అని సతమతమైన పదవికి ఈసారి పోటీయే లేకుండా పోయింది!

చట్టం చదువుకున్న ప్రజాప్రతినిధులే అంత ఊగిసలాడితే రెక్కాడితే గానీ డొక్కాడని రైతుకూలీ ఒక పూట ఆలోచించుకుంటే తప్పేముంది?

నీళ్లు ఎవరివి?

అనంతపురం ఓటరు ఎందుకు అంత తొందరగా తేల్చుకోలేడు? దీనికి జవాబు మబ్బుల్లో ఉంది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి చేవ తగ్గిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడే వాన కూడా పైరుకి కావాల్సిన నాడు పడుతుందన్న నమ్మకం లేదు. విత్తు వేశాక నెలరోజులు బెట్ట వస్తే బుడ్డ ఊడదు. బోరు వేస్తే వెయ్యి అడుగులు దిగినా తడి తగలదు. అప్పు మాత్రం తగులుతుంది.

ఇలాంటి చోట ఓటంటే ఒక విధంగా నీళ్ల కోసం పెట్టే అర్జీ. ఆ అర్జీ ఎవరి చేతిలో పెట్టాలన్నదే చిక్కు. హంద్రీ-నీవానే తీసుకోండి. శ్రీశైలం వెనక జలాల నుంచి 40 టీఎంసీల కృష్ణా నీటిని ఎత్తి రాయలసీమలో 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలన్నది పథకం. ఎన్టీఆర్ కాలంలో ఆలోచన రూపుదిద్దుకుంది. చంద్రబాబునాయుడు హయాంలో శంకుస్థాపన జరిగింది. 2004 తర్వాత వై.ఎస్.రాజశేఖరరెడ్డి హయాంలో పనులు ఊపందుకున్నాయి. కృష్ణమ్మ బెళుగుప్ప మండలం జీడిపల్లి జలాశయానికి చేరింది 2012లో, కిరణ్‌కుమార్‌రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ కాలువను పొడిగించామని, వెడల్పు చేస్తామని చెబుతూ వచ్చాయి. ఎన్నికల సభలో ప్రతి పార్టీ 'నీళ్లు తెచ్చింది మేమే' అంటుంది. వినే రైతుకి అందరి మాటలోనూ కాస్త నిజం కనిపిస్తుంది. తన చేనుకి పిల్లకాలువ రాకపోతే అందరి మాటలోనూ కాస్త అబద్ధమూ కనిపిస్తుంది!

పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కార్ల ఫ్యాక్టరీదీ అదే వరస. 2017లో ఒప్పందం కుదిరింది చంద్రబాబు ప్రభుత్వంతో. 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభించింది జగన్‌మోహన్‌రెడ్డి. దేశమంతటికీ దారి చూపిన ఉపాధి హామీ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్‌సింగ్, సోనియాగాంధీ అక్కడికి వచ్చి ప్రారంభించారు. 2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన రోజే వైఎస్ ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం పెట్టారు. బోర్లమీదే బతికే జిల్లాకి అది చిన్న విషయం కాదు.

ఇన్ని మేళ్లు ఇన్ని చేతుల మీదుగా వచ్చినప్పుడు కృతజ్ఞత ఎవరికి చూపాలి? కోపం ఎవరిమీద తీర్చుకోవాలి?

ఒకే ఇంట్లో నాలుగు ఓట్లు

ఈ జిల్లాలో ఎక్కడైనా కనిపించే ఇల్లు ఒకటి ఊహించుకుందాం. నాయనకు ఆరెకరాల మెట్ట, ఎండిన బోర్లు రెండు. ఎవరు కాలువ తెస్తే వాళ్లకే ఓటు అంటాడు. అవ్వకు నెలనెలా వచ్చే పింఛను ముఖ్యం. కొడుకు బెంగళూరులో డ్రైవరు. ఊళ్లో పనుంటే నేనెందుకు వలసపోతాను అని అతని బాధ. కోడలు పొదుపు సంఘంలో ఉంది. బ్యాంకు రుణం, పిల్లల చదువు ఆమె లెక్కలు. వీటికి తోడు నిలబడ్డ అభ్యర్థుల్లో ఒకాయన సొంత కులం. ఇంకొకాయన అవ్వకు జబ్బు చేసిన రోజు అర్ధరాత్రి జీపు పంపినవాడు. ఎంపీ ఓటు ఒకరికి, ఎమ్మెల్యే ఓటు ఇంకొకరికి వేద్దామా అన్న చర్చ కూడా సంగటి ముద్దల దగ్గర నడుస్తుంది.

ఇది బుద్ధి లేక వచ్చిన అయోమయం కాదు. అన్నీ ఆలోచించడం వల్ల వచ్చింది. ఈ సంగతిని శాస్త్రీయంగా పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని ఎంచుకుంది. మే నుంచి నవంబరు దాకా మళ్ళీ మళ్ళీ అదే మనుషుల దగ్గరికి వెళ్లి ఎవరికి వేస్తారని అడిగింది. 1944లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధనలో ఒక విషయం తేలింది. కులమో మతమో ఒకవైపు, వృత్తో డబ్బో మరోవైపు లాగినట్టు... ఎవరిమీద రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉంటుందో వాళ్లే అందరికన్నా ఆలస్యంగా తేల్చుకుంటారు. ఇంకో సంగతి. అలాంటివాళ్లను చివరికి కదిపేది ఉపన్యాసాలు, పత్రికలకన్నా ఇంట్లోవాళ్ల మాట, పక్కింటివాళ్ల మాట. ఈరీ కౌంటీకీ, మన రచ్చకట్టకీ మధ్య సముద్రాలున్నా మనిషి మనసు మాత్రం ఒక్కటే!

మన దగ్గర కాలం కూడా ఈ బాధను పెంచుతుంది. 2024లో రాష్ట్రంలో పోలింగు మే 13న జరిగింది. వేరుశనగ విత్తే ముందు రోజులవి. చేతిలో డబ్బు ఆడదు. విత్తనకాయలు కొనాలి, ఎరువులు తేవాలి, పాత అప్పు మిత్తి కట్టాలి. ఏ పార్టీ మేనిఫెస్టో చూసినా రైతుకి ఏదో ఒకటి ఇస్తామనే రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని కొట్టిపారేయలేడు, పూర్తిగా నమ్మనూ లేడు. అయినా ఆ రోజు రాష్ట్రంలో 81 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. వలసపోయినవాళ్లు బస్సుల్లో నిలబడి మరీ వచ్చారు. ఎవరికి వేయాలో తేలకపోయినా వేయాలన్నది మాత్రం గట్టిగా తేల్చుకున్నారన్నమాట!

'సూద్దాంలే' వెనక ఏముంది?

"ఏం మామా, ఈతూరి ఎవరికి?" అని అనంతపురం పల్లెల్లో ఎవరినైనా అడగండి. "సూద్దాంలేప్పా, ఇంగా టయిముంది కదా" అన్న జవాబే ఎక్కువ వినిపిస్తుంది. అలా అన్న ప్రతివాడూ తేల్చుకోలేదని అనుకుంటే పొరపాటే. కొందరికి అది కవచం.

ముఠాకక్షలు చూసిన నేల ఇది. ఒకప్పుడు ఓటు ఎవరికి వేశావన్నది ఊళ్లో నువ్వు ఏ వర్గమన్నదానికి గుర్తు. నోరు జారితే పొలానికి దారి మూసుకుపోవచ్చు, కూలికి పిలుపు ఆగిపోవచ్చు. అందుకే ఇద్దరు నాయకులొచ్చినా ఇద్దరికీ నమస్కారం పెట్టి, ఇద్దరి కండువాలూ కప్పించుకుని, ఇద్దరికీ 'సూద్దాం' అనడం ఇక్కడివాళ్లకు అలవాటైంది.

చట్టం ఓటరు పక్షానే ఉంది. ఎవరికి ఓటేశావో చెప్పమని న్యాయస్థానం కూడా బలవంతపెట్టకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. పోలింగు రహస్యాన్ని బయటపెట్టిన సిబ్బందికి జైలు శిక్ష పడుతుంది. వీవీప్యాట్ యంత్రంలో చీటీ కనిపించేది ఏడు సెకన్లు. అది మీ కంటికే. తర్వాత పెట్టెలో పడిపోతుంది.

కానీ ఒక కన్నం మిగిలిపోయింది. మనిషి ఓటు రహస్యం. ఊరి ఓటు మాత్రం కాదు! కాగితం బ్యాలెట్ల రోజుల్లో అవసరమైన చోట అనేక బూత్‌ల ఓట్లను కలగలిపి లెక్కపెట్టే ఏర్పాటు ఉండేది. ఓటింగు యంత్రాలొచ్చాక ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో విడివిడిగా తెలిసిపోతోంది. ఫలానా పల్లె మాకు వేయలేదు అని గెలిచినవాళ్లకు అంకెలతో సహా తెలుస్తుంది. ఆ ఊరికి తర్వాత బోరు రాకపోతే, రోడ్డు పడకపోతే కారణం అదేనేమోనన్న అనుమానం జనాన్ని పట్టుకుంటుంది. దీనికి విరుగుడుగా పలు యంత్రాల ఓట్లను కలిపి చూపే టోటలైజర్‌ను వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా తన 255వ నివేదికలో అదే సిఫార్సు చేసింది. అది అమలులోకి రాలేదు. పెద్ద నగరంలో ఉండేవారికి ఇది చిన్న సాంకేతిక విషయం. మూడు వందల గడపల పల్లెకి మాత్రం పెద్ద భయం.

నోట్లు... నోటా

తేలని మనసుకి ఇంకో శత్రువు డబ్బు. పోలింగుకి ముందు రాత్రి కవర్లు ఇంటింటికీ వస్తాయన్నది బహిరంగ రహస్యం. ఇద్దరి దగ్గరా తీసుకుని, దేవుడి పటం ముందు ఇద్దరికీ మాటిచ్చి, తెల్లారి కాళ్లు వణుకుతూ బూత్‌కి వెళ్లేవాళ్లున్నారు. ఉప్పు తిన్న విశ్వాసం ఒకవైపు, మనసులో మాట ఒకవైపు! చట్టం దృష్టిలో ఆ మాటకు విలువ లేదు. ఓటుకి డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. దానికి ఏడాది దాకా జైలు శిక్ష ఉంటుంది. అలాగని ఆ డబ్బుకి మీ ఓటు తాకట్టు పడదు. యంత్రం దగ్గర మీట నొక్కే వేలు మీదే.

ఎవరూ నచ్చకపోతే? సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న ఇచ్చిన తీర్పుతో 'నోటా' వచ్చింది. మన రాష్ట్రంలో 2014 ఎన్నికల్లో మొదటిసారి యంత్రం మీద ఆ మీట కనిపించింది. అంతకుముందు ఎవరికీ వేయనని చెప్పాలంటే అధికారి ముందు రిజిస్టరులో రాయించాల్సి వచ్చేది. అంటే రహస్యం అక్కడే పోయేది. నోటా ఆ ఇబ్బందిని తీర్చింది. అయితే శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకి అందరికన్నా ఎక్కువ ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ఎక్కువ తెచ్చుకున్నవారే గెలుస్తారు. నోటా నిరసన చెబుతుంది గానీ ఎమ్మెల్యేను మార్చదు. అది గుర్తుంచుకుని నొక్కాలి.

తేల్చుకోవాలంటే...

మరి మనసు తేలాలంటే ఏం చేయాలి? గాలి ఎటుంది అని అడగడం మానేస్తే సగం బరువు దిగుతుంది. గెలిచే గుర్రం మీద పందెం కాయడానికి ఓటు పందెం కాదు. ఓడిన అభ్యర్థికి వేసిన ఓటు మురిగిపోయిందన్న మాట కూడా నిజం కాదు. గెలిచినవాడు వచ్చే అయిదేళ్లు ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకోవాలో చెప్పేది ఆ ఓట్లే. మడకశిరలో 351 ఓట్లతో గట్టెక్కిన అభ్యర్థికి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత, అభ్యర్థి గురించి చేతికందే సమాచారం చూడండి. సుప్రీంకోర్టు 2002, 2003 సంవత్సరాల్లో ఇచ్చిన తీర్పుల పుణ్యమాని ప్రతి అభ్యర్థీ తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. ఎన్నికల సంఘం వాటిని అందరికీ కనిపించేలా పెడుతుంది. ఇంట్లో సెల్‌ఫోన్ వాడే పిల్లలుంటే అయిదు నిమిషాల పని. పెద్దవాళ్లకు చదివి వినిపించమనండి. గత ఎన్నికల్లో అదే వ్యక్తి చూపిన ఆస్తులతో ఇప్పటివి పోల్చితే అవ్వకి కూడా అర్థమవుతుంది!

ఇక ప్రచార హోరులో తల తిరిగిపోతుంటే చట్టమే ఒక వెసులుబాటు ఇచ్చింది. పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు బహిరంగ ప్రచారం బంద్. మైకులు మూగబోయే ఆ రెండు రోజులూ ఓటరువే. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. అందరూ ఒకే మాట మీదికి రావాల్సిన అవసరం లేదు. నాయనది కాలువ ఓటు, అవ్వది పింఛను ఓటు, కొడుకుది ఉద్యోగం ఓటు, కోడలిది చదువుల ఓటు కావచ్చు. ఇంటిపెద్ద చెప్పినవాళ్లకే అందరూ వేయాలన్న రూలు ఏ చట్టంలోనూ లేదు.

మేలు లెక్కపెట్టేటప్పుడు ఒక చిన్న కొలమానం ఉపయోగపడుతుంది. ఎవరు శంకుస్థాపన చేశారు, ఎవరు రిబ్బను కత్తిరించారు అని కాదు. మన చేను దాకా, మన గడప దాకా ఏది వచ్చింది, ఏది రాలేదు? రాని పనికి ఇప్పుడు నిలబడ్డవాళ్లలో ఎవరు సూటిగా సమాధానం చెబుతున్నారు? ఓట్లడగడానికి వచ్చినప్పుడు ఆ ప్రశ్న ఒకటి అడిగి చూడండి. సమాధానం కన్నా ఆయన మొహం ఎక్కువ చెబుతుంది.

1952లో బావా బావమరుదుల మధ్య ఎంచుకోవాల్సి వచ్చిన తరం నుంచి 2024లో 351 ఓట్లతో ఎమ్మెల్యేను తేల్చిన తరం దాకా, ఈ కరువు నేల ఓటరు ఆలస్యంగా తేల్చుకున్నా క్యూలో మాత్రం ముందే నిలబడ్డాడు. వానను ఎవరూ ఎన్నుకోలేరు. కాలువను, బోరుకి కరెంటును, వలస ఆపే పనిని ఎన్నుకోవచ్చు. అందుకే ఒక రాత్రి ఎక్కువ ఆలోచిస్తే తప్పులేదు. తెల్లారి మాత్రం బూత్‌కి వెళ్లాలి!